ఫ్రాన్స్‌లో చిన్న ఊళ్లో ఇంగ్లిష్ చెప్పడానికి వెళ్తున్నారా? అర్జీ నుంచి తాళాలు అప్పగించే దాకా

నియామక పత్రంలో "లె ప్వీ ఆన్ వెలే" అని చూసినప్పుడు నాకు ఆ ఊరు ఎక్కడుందో కూడా తెలియదు. మ్యాప్‌లో వెతికితే లియోన్ నగరానికి నైరుతిగా, పాత అగ్నిపర్వతాల కొండల మధ్య కనిపించింది. జనాభా సుమారు 19 వేలు. మన మండల కేంద్రం లాంటి ఊరు. ఇంట్లో అందరూ "పారిస్ కాదా?" అని అడిగారు. ఏడు నెలలు అక్కడ ఉండి వచ్చాక చెబుతున్నాను: ఫ్రెంచ్ బాగా రావాలన్నా, పిల్లలకు నిజంగా ఉపయోగపడాలన్నా చిన్న ఊరే మంచిది. కాకపోతే మొదటి ఆరు వారాలు కష్టం. అక్కడ మన భాష మాట్లాడేవాళ్లు ఉండరు, ఇంగ్లిష్‌తో ఆఫీసు పనులు కావు, ఆదివారం బస్సులు కూడా తక్కువే. ఆ ఆరు వారాలను ఏ వరుసలో దాటాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అర్జీ పెట్టేటప్పుడు

ఫ్రాన్స్ విద్యాశాఖ ఏటా వేరే దేశాల నుంచి భాషా సహాయకులను తీసుకుంటుంది. దీన్ని అక్కడ "అసిస్టాన్ ద లాంగ్" అంటారు. పారిస్ పక్కన సెవ్ర్‌లో ఉన్న ఫ్రాన్స్ ఎడ్యుకేషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థ దీన్ని నడుపుతుంది. ఇంగ్లిష్ కోసం తీసుకునే దేశాల్లో మన దేశం కూడా ఉంది. మన దగ్గర అర్జీల వ్యవహారం ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ ద్వారా జరుగుతుంది. వయసు, డిగ్రీ, ఫ్రెంచ్ స్థాయి వంటి షరతులను ఆ ఏడాది ప్రకటనలోనే చూసుకోండి, పాత వాటిని నమ్మకండి.

సాధారణంగా కాంట్రాక్టు అక్టోబర్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా, వారానికి 12 గంటలు. చేతికి వచ్చేది నెలకు సుమారు 800 యూరోలు. పారిస్‌లో ఆ జీతంతో గది అద్దె కట్టాక మిగిలేది తక్కువ. లె ప్వీలో నేను చూసిన గదులు 300 నుంచి 400 యూరోల మధ్య ఉన్నాయి. చిన్న ఊరు మంచిదనడానికి ఇది ఇంకో కారణం.

ఫ్రాన్స్‌ను "అకాడెమీ"లు అనే విద్యా ప్రాంతాలుగా విభజించారు. అర్జీలో మీకు ఇష్టమైన ప్రాంతాలు రాయమంటారు. అందరూ రాసే పేర్లే రాయకుండా రైల్వే లైను చూసి ఎంచుకోండి. లె ప్వీ క్లెర్మాన్ ఫెరాన్ అకాడెమీ కిందికి వస్తుంది. కానీ రైల్లో సెంత్ ఎతియెన్ మీదుగా సుమారు రెండున్నర గంటల్లో లియోన్ చేరొచ్చు. ఊరు ఎంత చిన్నదైనా పర్వాలేదు, స్టేషన్ ఉంటే చాలు. స్టేషన్ లేని పల్లె వస్తే దగ్గరి రైలు ఊళ్లో గది తీసుకుని, అక్కడి నుంచి బస్సులో బడికి వెళ్లడం మేలు.

ప్రకటనలో ఏ స్థాయి అడిగినా, మీరు మాత్రం బీ2 స్థాయి (ఆరు మెట్లలో నాలుగోది) ఫ్రెంచ్‌తో వెళ్లడానికి ప్రయత్నించండి. క్లాసులో మాట్లాడాల్సింది ఇంగ్లిషే. ఫ్రెంచ్ అవసరం పడేది ఇంటి యజమానితో, బ్యాంకులో, డాక్టర్ దగ్గర. హైదరాబాద్‌లో అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. పరీక్ష అయిపోయాక కూడా ఫోన్‌లో మాట్లాడటం ప్రాక్టీస్ చేయండి. ఎదుటి మనిషి ముఖం కనిపించనప్పుడే భాష అసలు పరీక్ష పెడుతుంది.

ఇక్కడే సిద్ధం చేసుకోవాల్సిన కాగితాలు

అన్నిటికంటే ముందు జనన ధ్రువీకరణ పత్రం తీసి చూడండి. మన రెండు రాష్ట్రాల్లోనూ పాత పత్రాల్లో బిడ్డ పేరు రాసే గడి ఖాళీగా ఉండటం మామూలే. అమ్మానాన్నల పేర్ల స్పెల్లింగ్ పాస్‌పోర్టుతో కలవకపోవడం కూడా మామూలే. ఫ్రాన్స్‌లో ఆరోగ్య బీమా నంబర్ ఇవ్వాలంటే తల్లిదండ్రుల పేర్లున్న జనన పత్రం అడుగుతారు. అది సరిగా లేకపోతే నెలల తరబడి ఆగిపోతుంది. మున్సిపాలిటీలో గానీ పంచాయతీలో గానీ ముందే సరిచేయించి, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ తర్వాత విదేశాంగ శాఖతో అపోస్టిల్, అంటే పత్రం విదేశాల్లో చెల్లేలా వేసే ముద్ర, వేయించండి. అనువాదం మాత్రం ఫ్రాన్స్ కోర్టులు గుర్తించిన అనువాదకుడితో చేయిస్తే మళ్లీ ప్రశ్నలు రావు.

ఇంటిపేరు సంగతి కూడా చూసుకోండి. మనలో కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, ఇంటిపేరు, సొంత పేరు కలిపి ఒకే చోట రాసి ఉంటాయి. ఫ్రెంచ్ ఫారాల్లో ఇంటిపేరు తప్పనిసరి గడి. ఒక్కో ఆఫీసు ఒక్కో రకంగా విడగొట్టి రాసుకుంటే జీతం ఒక పేరు మీద, బ్యాంకు ఖాతా ఇంకో పేరు మీద పడుతుంది. వీలైతే పాస్‌పోర్టు సరిచేయించాకే వీసాకు వెళ్లండి.

వీసా దీర్ఘకాలపు రకం, తాత్కాలిక ఉద్యోగి కింద ఇస్తారు. నియామక పత్రం రాగానే అపాయింట్‌మెంట్ తీసుకోండి. వీసా అర్జీలు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. డిగ్రీ సర్టిఫికెట్, టీకాల వివరాలు, మందుల చీటీలు, పాస్‌పోర్టు ఫొటోలు అన్నీ స్కాన్ చేసి ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి.

బడికి మొదటి ఉత్తరం

నియామక పత్రంలో బడి చిరునామా ఉంటుంది. సహాయకుల బాగోగులు చూసే టీచర్‌ను "ప్రొఫెసర్ రెఫెరాన్" అంటారు. ఆ టీచర్ ఎవరో కనుక్కుని ఆగస్టులోపే రాయండి. జులై, ఆగస్టు నెలల్లో బళ్లు మూసేస్తారు కాబట్టి జవాబు ఆలస్యమైతే టెన్షన్ పడకండి, ఆగస్టు చివరి వారంలో మళ్లీ రాయండి. ఉత్తరం చిన్నగా, మర్యాదగా, ఫ్రెంచ్‌లో ఉండాలి. నాలుగే విషయాలు అడగండి: బడి హాస్టల్‌లో గది దొరుకుతుందా, తెలిసినవాళ్లెవరైనా గది అద్దెకిస్తారా, మొదటి వారం ఎవరింట్లోనైనా ఉండొచ్చా, స్టేషన్‌కు ఎవరైనా రాగలరా.

ఇలా అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. నేనూ పడ్డాను. కానీ అక్కడ సహాయకుడు రావడం ఆ బడికి ఏటా జరిగే పని, వాళ్లు ఈ ప్రశ్నల కోసం ఎదురు చూస్తూనే ఉంటారు. నా ఉత్తరం టీచర్ల గది బోర్డు మీద అంటించారట. మూడో రోజుకే లెక్కల టీచర్ ఒకావిడ తన ఇంటి పైగది చూపిస్తానని రాసింది.

ఇల్లు

దూరం నుంచి డబ్బు పంపకండి. "నేను విదేశంలో ఉన్నాను, అడ్వాన్స్ వేస్తే తాళాలు కొరియర్ చేస్తాను" అనేవాళ్లందరూ మోసగాళ్లే. మొదటి వారం పది రోజులకు తాత్కాలిక బస చూసుకుని, వెళ్లాక కళ్లతో చూసి తీసుకోండి. లె బాన్ క్వాన్ సైటులో ప్రకటనలుంటాయి. "ఫొయే ద జెన్ త్రవాయర్" అనే యువ ఉద్యోగుల హాస్టళ్లు చాలా ఊళ్లలో ఉంటాయి. చలికాలంలో ఒంటరిగా ఉండలేమనుకునేవాళ్లకు అవి మంచివి.

ఒప్పందం విషయంలో "బాయ్ మొబిలితే" అనే మాట గుర్తుపెట్టుకోండి. 2018 చట్టంతో వచ్చిన ఒప్పందం ఇది. సామాన్లున్న ఇంటికి, ఒకటి నుంచి పది నెలల కాలానికి, తాత్కాలిక పని మీద వచ్చినవాళ్ల కోసం. ఇందులో యజమాని డిపాజిట్ అడగడానికి వీల్లేదు. మన ఏడు నెలలకు సరిగ్గా సరిపోతుంది. మామూలు ఫర్నిచర్ ఇంటికైతే రెండు నెలల అద్దె దాకా డిపాజిట్ అడగొచ్చు.

యజమాని తప్పకుండా హామీదారు కావాలంటాడు. అక్కడ మనకు మామయ్యలు, బాబాయిలు ఉండరు కదా. 30 ఏళ్లలోపు వాళ్లకు "విజాల్" అనే ఉచిత హామీ ఉంది. ఆన్‌లైన్‌లో అర్జీ పెడితే పత్రం ఇస్తారు. ఒప్పందం మీద సంతకం పెట్టకముందే అది చేతిలో ఉండాలి, తర్వాత తీసుకుంటే చెల్లదు.

గది చూడటానికి వెళ్లినప్పుడు గోడలు తాకి చూడండి, తేమ ఉందా అని. లె ప్వీ సముద్ర మట్టానికి 600 మీటర్ల పైన ఉంది, నవంబర్ నుంచి చలి మామూలుగా ఉండదు. అద్దెలో హీటింగ్ ఖర్చు కలిసి ఉందో లేదో అడగండి. ఇంటికి ఏ నుంచి జీ దాకా వేడి నిలుపుకునే గ్రేడు ఉంటుంది, దాన్ని "డేపేఎ" అంటారు. జీ గ్రేడు ఇళ్లను 2025 నుంచి కొత్తగా అద్దెకివ్వకూడదు. ఎఫ్ గ్రేడు కూడా తీసుకోవద్దని నా సలహా. అద్దెలో 40 యూరోలు తగ్గిందని సంబరపడితే కరెంటు బిల్లులో అంతకంతా పోతుంది.

చేరే రోజు "ఎటా దె లియ" అని ఇంటి స్థితి పత్రం రాస్తారు. తొందరపడకుండా ప్రతి గీత, ప్రతి మరక రాయించండి, ఫొటోలు తీయండి. ఇంటి బీమా తప్పనిసరి, ఆన్‌లైన్‌లో పది నిమిషాల్లో అవుతుంది.

మొదటి పది రోజుల వరుస

ఇక్కడే అందరూ చిక్కుకుంటారు. బ్యాంకు ఖాతాకు చిరునామా రుజువు కావాలి, ఇంటికి బ్యాంకు ఖాతా కావాలి, జీతానికి రెండూ కావాలి. ముడి విప్పే చోటు ఒకటుంది. మీకు బస ఇచ్చిన వ్యక్తి ఎవరైనా "ఈయన మా ఇంట్లో ఉంటున్నారు" అని రాసిచ్చే "అతెస్తాసియోన్ దెబెర్జ్‌మాన్" అనే పత్రం. దానికి వాళ్ల గుర్తింపు కార్డు నకలు, ఒక కరెంటు బిల్లు జత చేస్తే చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి.

బడిలో చేరిన రోజే "ప్రొసే వెర్బాల్ దాన్‌స్తలాసియోన్" మీద సంతకం పెట్టించుకోండి. మీరు విధుల్లో చేరారని చెప్పే కాగితం అది, అది లేనిదే జీతం కదలదు. తర్వాత బ్యాంకు. అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్తే వారం తర్వాత రమ్మంటారు, కాబట్టి దిగిన రోజే అడగండి. ఖాతా తెరిచాక "రిబ్" అనే వివరాల కాగితం ఇస్తారు. దాన్ని పది కాపీలు తీసుకుని బడి ఆఫీసులో వెంటనే ఇవ్వండి. ఒక బ్యాంకు కాదంటే ఇంకో బ్యాంకుకు వెళ్లండి. నన్ను మొదటి బ్యాంకు కారణం చెప్పకుండా తిప్పి పంపింది, రెండో చోట అరగంటలో పని అయింది.

వీసాను ఆన్‌లైన్‌లో చెల్లుబాటు చేసుకోవాలి. దిగిన మూడు నెలల్లోపు, స్టాంపు పన్ను కట్టి. మూడు నెలలుంది కదా అని ఊరుకోవద్దు. మిగతా సాయాలన్నీ ఆ కాగితం అడుగుతాయి, మొదటి వారంలోనే ముగించండి. ఆ తర్వాత ఆరోగ్య బీమా అర్జీ. ఏ ఆఫీసుకు పంపాలో బడి కార్యదర్శి చెబుతారు. ఇక "కాఫ్" అనే కుటుంబ సహాయ సంస్థ ఇచ్చే ఇంటద్దె సాయం. ఇంట్లో చేరిన నెలలోనే అర్జీ పెట్టండి. చేరిన నెలకు ఏమీ ఇవ్వరు, ఆలస్యం చేస్తే పాత నెలలకూ ఇవ్వరు.

మొదటి జీతం అక్టోబర్ చివరికి రావొచ్చు, ఆలస్యమైతే నవంబర్ చివరికి. ముందస్తుగా కొంత ఇవ్వమని బడి ఆఫీసును అడిగే వీలుంటుంది. ఏమైనా ఇంటి నుంచి కనీసం 2000 యూరోలు చేతిలో పెట్టుకుని బయలుదేరండి. ఇది అప్పు చేసైనా తెచ్చుకోవాల్సిన సొమ్ము. డబ్బు లేని దిగులుతో బడి మొదలుపెడితే ఆ నెలంతా పాడవుతుంది.

ఊళ్లో మనిషిగా కలిసిపోవడం

దుకాణంలో అడుగు పెట్టగానే "బోన్‌జూర్" అనాలి. తర్వాతే ఏదైనా అడగాలి. మన దగ్గర నేరుగా "అన్నా, అరకిలో ఉల్లిపాయలు" అంటే తప్పేమీ లేదు. అక్కడ బోన్‌జూర్ లేకుండా అడిగితే మనిషిని మనిషిగా చూడలేదన్నట్టు బాధపడతారు. బస్సు డ్రైవర్‌కు, డాక్టర్ దగ్గర వెయిటింగ్ గదిలో కూర్చున్నవాళ్లకు కూడా చెబుతారు. "వూ", "త్యు" తేడా మనకు కొత్తేమీ కాదు, మీరు, నువ్వు లాంటిదే. ఒక్క చిక్కు ఏమిటంటే టీచర్లు మొదటి రోజు నుంచే తమలో తాము "త్యు" అనుకుంటారు, మిమ్మల్నీ అలాగే పిలవమంటారు. వయసులో పెద్దవారిని నువ్వు అనడానికి నాకు నెల పట్టింది. వాళ్లు అడిగాక మాత్రం అనండి, లేకపోతే దూరం పెడుతున్నారనుకుంటారు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా చాలా దుకాణాలు మూసేస్తారు. ఆదివారం దాదాపు అన్నీ, సోమవారం కొన్ని. కాబట్టి శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. లె ప్వీలో శనివారం ఉదయం ప్లాస్ దు ప్లో చుట్టూ సంత జరుగుతుంది. ఒకే కూరగాయల అమ్మ దగ్గర నాలుగు వారాలు కొనండి, ఐదో వారం ఆవిడే మీ పేరు పెట్టి పిలుస్తుంది. నా ఫ్రెంచ్‌లో సగం ఆ సంతలో వచ్చిందే.

వంట గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చలికాలంలో మనసును నిలబెట్టేది అదే. లె ప్వీ పేరు చెప్పగానే ఫ్రాన్స్‌లో అందరికీ గుర్తొచ్చేది ఆకుపచ్చ మసూర్ పప్పు. ఆ ప్రాంతంలో పండినదానికే ఆ పేరు చెల్లేలా 1996లోనే దానికి ప్రాంతపు ముద్ర దక్కింది. నానబెట్టకుండానే పాతిక నిమిషాల్లో ఉడుకుతుంది. కానీ గింజ విడివిడిగా ఉంటుంది, మన పప్పులా మెత్తబడదు. పోపు పెట్టి గుగ్గిళ్లలా తింటే బాగుంటుంది. మెత్తటి పప్పు కావాలంటే సూపర్‌మార్కెట్‌లో "లాంతీయ్ కొరాయ్" అడగండి, అది మన ఎర్ర మైసూరు పప్పు. సంతలో "ఒజేయ్" అనే పుల్లటి ఆకు దొరుకుతుంది. మన చుక్కకూరకు దగ్గరి చుట్టమే. ఆ రెండూ కలిపి పప్పు వండిన రోజు నాకు ఇంటి మీద బెంగ సగం తగ్గింది.

కరివేపాకు, చింతపండు చిన్న ఊళ్లో దొరకవు. నెలకోసారి లియోన్‌లోని గియోతియేర్ వీధులకు వెళ్తే ఆసియా సరుకుల దుకాణాలున్నాయి. ఇక్కడి నుంచి పట్టుకెళ్లేటప్పుడు జాగ్రత్త. పాలు, మాంసంతో చేసినవి యూరప్‌లోకి తీసుకురాకూడదు. నెయ్యి, నేతి సున్నుండలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. పచ్చి కరివేపాకూ పనికిరాదు. కారప్పొడులు, నూనెలో పెట్టిన ఆవకాయ గట్టిగా ప్యాక్ చేసుకోండి. కుక్కర్ తీసుకెళ్తే ఇండక్షన్ మీద పనిచేసేదే తీసుకోండి, మామూలు అల్యూమినియం కుక్కర్ అక్కడి చాలా పొయ్యిల మీద వేడెక్కదు. మన సన్నటి రెండు పిన్నుల ప్లగ్గులు పడతాయి, మూడు పిన్నులవి పట్టవు.

శాకాహారులు బడి క్యాంటీన్‌లో ముందే చెప్పండి. చట్టం ప్రకారం వారానికి ఒక్క పూటైనా మాంసం లేని భోజనం పెట్టాలి. మిగతా రోజుల్లో సలాడ్లు, కూరలు, చీజ్‌తో గడుస్తుంది. సూప్‌లో, కూరల్లో "లార్‌డోన్" అనే పంది మాంసం ముక్కలు వేయడం అలవాటు, అడిగి తినండి.

బడిలో

మధ్య స్థాయి తరగతుల బడిని "కొలేజ్" అంటారు, పై తరగతులది "లిసే". సహాయకుడి పని పిల్లలతో మాట్లాడించడం. పూర్తి తరగతి బాధ్యత, మార్కులు వేయడం టీచర్‌వే. సాధారణంగా సగం తరగతినో, పది మందినో వేరే గదికి పంపుతారు. మొదటి వారమంతా వెనక కూర్చుని చూడండి. టైమ్‌టేబుల్‌లో మీ 12 గంటలు ఐదు రోజులకు చెల్లాచెదురు కాకుండా నాలుగు రోజులకు కుదించమని మొదట్లోనే అడగండి.

ఒక సున్నితమైన విషయం. ప్రభుత్వ బళ్లలో మత చిహ్నాల మీద కఠిన నియమాలున్నాయి. 2004 చట్టం పిల్లలకు వర్తిస్తుంది, ఉద్యోగులకు అంతకంటే గట్టి తటస్థత నియమం ఉంది. మీరూ ఉద్యోగే. బొట్టు, దేవుడి లాకెట్, చేతికి కట్టిన ఎర్రదారం లాంటివాటి గురించి మీ రెఫెరాన్ టీచర్‌తో చేరకముందే మాట్లాడండి. క్లాసులో నలుగురి ముందు ఎవరో చెబితే వినడం కంటే ఇది గౌరవంగా ఉంటుంది.

ఫ్రెంచ్ పిల్లలకు ఇంగ్లిష్ రాక మౌనంగా ఉంటారనుకోవద్దు. తప్పు పలుకుతామని, పక్కవాళ్లు నవ్వుతారని భయం. తెలుగు మీడియంలో చదివిన ఎవరికైనా ఆ భయం తెలుసు. అందుకే ప్రశ్న వేసి వెంటనే ఒకరి వైపు చూడకండి. ముందు ఇద్దరిద్దరూ రెండు నిమిషాలు మాట్లాడుకోవాలి, తర్వాత గట్టిగా చెప్పాలి. ఈ ఒక్క మార్పుతో నా క్లాసులో మాట్లాడేవాళ్లు ముగ్గురి నుంచి ఎనిమిది మందికి పెరిగారు.

మన ఇంగ్లిష్ యాస గురించి చాలామంది భయపడతారు. భయం వద్దు. ప్రపంచంలో ఇంగ్లిష్ ఎన్ని రకాలుగా వినిపిస్తుందో పిల్లలకు తెలియాలనే ఇన్ని దేశాల నుంచి పిలుస్తారు. మొదటి క్లాసులో వాళ్ల పేర్లు తెలుగులో రాసి ఇవ్వండి. ఆ కాగితాలు నోటుబుక్కుల మీద అంటించుకుని ఏడాదంతా ఉంచుకున్నారు. "మీరు ఇండియన్ భాష మాట్లాడతారా?" అని అడుగుతారు, అక్కడి నుంచే మంచి పాఠం మొదలవుతుంది.

నాకు అన్నిటికంటే బాగా పనిచేసిన పాఠం వాళ్ల ఊరి గురించే. లె ప్వీలో ఒక నిటారు రాతి మీద 268 మెట్లెక్కితే సెంట్ మిషెల్ గుడి ఉంది. ఇంకో రాతి మీద సెవాస్తొపోల్ యుద్ధంలో దక్కిన ఫిరంగులు కరిగించి 1860లో నిలబెట్టిన మేరీమాత విగ్రహం ఉంది. స్పెయిన్‌కు కాలినడకన వెళ్లే యాత్రికులు ఈ ఊరి నుంచే బయలుదేరతారు, వాళ్లలో విదేశీయులు చాలామంది. నేను భువనగిరి కోట ఫొటో చూపించి మా రాయి కథ చెప్పాను, మీ రాయి కథ చెప్పండన్నాను. అంతదాకా నోరు విప్పని పిల్లాడు "మా నాన్న అక్కడ టికెట్లు అమ్ముతాడు" అని మొదలుపెట్టి ఐదు నిమిషాలు ఆగలేదు. మీ ఊరు ఏదైనా కావొచ్చు, ఇలాంటి కథ ఒకటి తప్పకుండా ఉంటుంది. పుస్తకంలో లండన్ గురించి మాట్లాడటానికి వాళ్ల దగ్గర మాటల్లేవు, తమ ఊరి గురించి ఉన్నాయి.

ఆరోగ్యం, చలికాలం, ప్రయాణాలు

చిన్న ఊళ్లలో డాక్టర్ల కొరత నిజమే. ఒంట్లో బాగున్నప్పుడే ఎవరు కొత్త రోగులను తీసుకుంటున్నారో టీచర్లను అడిగి తెలుసుకోండి. ఫీజు సాధారణంగా 30 యూరోలు, బీమా నంబర్ వచ్చాక చాలా భాగం తిరిగొస్తుంది. రసీదులు దాచుకోండి. అత్యవసరానికి 15 లేదా 112.

నవంబర్‌లో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. వారానికి 12 గంటలే పని కాబట్టి ఖాళీ చాలా ఉంటుంది, ఆ ఖాళీయే కుంగదీస్తుంది. అక్టోబర్‌లోనే ఏదో ఒక సంఘంలో చేరండి: బ్యాడ్మింటన్, పాటల బృందం, కొండ నడక, ఏదైనా సరే. చాలా ఊళ్లలో సెప్టెంబర్‌లో సంఘాలన్నీ ఒకచోట బల్లలు వేసుకుని కూర్చునే రోజు ఉంటుంది. అది దాటిపోతే మున్సిపల్ ఆఫీసులో జాబితా అడగండి.

సెలవులు సుమారు ఆరేడు వారాలకోసారి రెండు వారాలు వస్తాయి, జీతం ఆగదు. 27 ఏళ్ల దాకా ఉన్నవాళ్లకు రైల్వే వారి అవాంతాజ్ జెన్ అనే రాయితీ కార్డు ఏడాదికి 49 యూరోలు. ఒకట్రెండు దూర ప్రయాణాలతోనే డబ్బు తిరిగొస్తుంది.

వచ్చేసేటప్పుడు

మార్చిలోనే ఇంటి యజమానికి రిజిస్టర్డ్ ఉత్తరంతో చెప్పండి. ఫర్నిచర్ ఇంటికి ఒక నెల ముందు నోటీసు సరిపోతుంది. వచ్చిన రోజు రాసిన ఇంటి స్థితి పత్రాన్ని పక్కన పెట్టుకుని వెళ్లే రోజు మళ్లీ సరిచూడండి. డిపాజిట్ కట్టి ఉంటే, ఇల్లు వచ్చినప్పటిలాగే ఉన్న పక్షంలో నెలలోపు తిరిగివ్వాలి. ఆ డబ్బు, చివరి జీతం, ఆరోగ్య బీమా బాకీలు పడేదాకా బ్యాంకు ఖాతా మూయకండి. ఆదాయం తక్కువైనా ఏప్రిల్‌లో తెరిచే పన్ను ప్రకటన దాఖలు చేయండి. జీతం స్లిప్పులు ఆన్‌లైన్‌లో ఉన్నప్పుడే దించుకోండి. కరెంటు, ఫోన్, ఇంటి బీమా మూడింటినీ విడివిడిగా రద్దు చేయాలి. తాళాలు అప్పగించినప్పుడు సంతకం చేసిన రసీదు తీసుకోండి.